ఈశ్వరశక్తి అన్యులచేత గుర్తింపఁబడవలెనను ప్రార్థన: అలిపిరియొద్ద ఒక విచారణ

భక్తులు చేయు ప్రార్థనలలో ఒకటి మిక్కిలి నిష్కామమైనదిగా నెన్నఁబడుచున్నది. దానిలో భక్తుఁడు తనకు ధనము నడుగఁడు, ఆరోగ్యము నడుగఁడు, సంతానము నడుగఁడు. "ప్రభూ! నీ శక్తి యెట్టిదో ఈ జనులు కన్నులారఁ గాంతురు గాక, నీవు లేవనువారు నీవున్నావని నోరారఁ జెప్పుదురు గాక" అని మాత్రమే వేఁడుకొనును. ప్రార్థనాసభలలో ఈ కోరిక తఱచుగా వినవచ్చును. విన్నవారందఱును తథాస్తు అందురు. అయినను, ఏ కోరిక తనకేమియుఁ గోరనట్లు కనఁబడునో దానినే ముందుగాఁ బరీక్షింపవలెనని మా యభిప్రాయము. ధనము కోరువాఁడు తాను ధనము కోరుచున్నట్లు ఎఱుఁగును. దేవునికిఁ గీర్తి కోరువాఁడు ఒక్కొక్కప్పుడు తాను కోరునదేమో తానే యెఱుఁగఁడు. కావున ఈ పాఠమున ఈ యొక్క ప్రార్థననే తీసికొని, అది యెచ్చటనుండి పుట్టునో, ఎట్లు నెఱవేఱునో చూతము.

ఈ విచారణకు అలిపిరికంటెఁ దగిన తావు మన దేశమున అరుదు. తిరుపతి పట్టణమునుండి శేషాచలము నెక్కు కాలిబాట అక్కడనే మొదలగును. అక్కడినుండి తిరుమలకు సుమారు 9 కిలోమీటరుల నడక. మెట్లు 3,550 అని లెక్క. 1944వ సంవత్సరమున మొదటి కొండరోడ్డు తెఱవఁబడువఱకు యాత్రికులు కాలినడకనో, శక్తి గలవారు డోలీలమీఁదనో పోవలసినదే. నేఁడు బస్సులు నిండి పోవుచున్నను మెట్లబాట వెలవెలఁబోలేదు. మెట్టు మెట్టునకును పసుపు కుంకుమలు పెట్టుచు వంగి వంగి యెక్కు స్త్రీలు కలరు; మోఁకాళ్లపై ప్రాఁకి యెక్కువారును కలరు. పాదాలమండపమున స్వామి పాదుకలను నెత్తిన మోసికొని ప్రదక్షిణము చేసి, ఆ పిమ్మట మొదటి మెట్టునకు మ్రొక్కి, ఎవఁడో ఒకఁడు "గోవిందా!" యని కేక వేయును. ముందుపోవువారు దాని నందుకొందురు. వెనుక వచ్చువారు దానిని మరల అందుకొందురు. ఊరు పేరు తెలియనివారు ఒకరి కేకకు మఱియొకరు బదులు పలుకుదురు.

ఆ కేక యెవరికొఱకు? స్వామికి వినవలెననియా? హృదయములోని మాటను వినఁగలవానికి అంత బిగ్గఱగాఁ జెప్పవలసిన యక్కఱ లేదు. అది తోడివారికొఱకే. అలసినవానికి ధైర్యము చెప్పుటకు, సందేహించువానిని తోడుపట్టుకొనుటకు, "మేమందఱము ఒప్పుకొనుచున్నాము, నీవును ఒప్పుకొనుము" అనుటకు అది పుట్టినది. అనఁగా మనము విచారించుచున్న ప్రార్థన అలిపిరిమెట్లమీఁద ప్రతిదినమును కేకరూపమున వినఁబడుచున్నది. ఈ కేకలో మాకు దోషమేమియుఁ గనఁబడదు. ఆఁకలిగొన్నవాఁడు అన్నము దొరకిన తావును తోడి ఆఁకటివానికిఁ జూపినట్లు, తాను పొందిన ఊఱటను పరులును పొందవలెనని కోరుట ప్రేమకు సహజము.

కాని అదే మాటలతో మఱియొక ప్రార్థనయు చేయవచ్చును. నన్ను నలుగురును నవ్విరి. నా నమ్మకమును వెఱ్ఱి యనిరి. ఓ దేవా, వారి నోరు మూయింపుము. ఇందులో దేవుని పేరు మాత్రమే కలదు. గెలువవలసినవాఁడు నేను. ఈ రెండు ప్రార్థనలకును పదములు ఒక్కటే, కంఠము ఒక్కటే, ఒక్కొక్కప్పుడు కన్నీరును ఒక్కటే. వీనిని వేఱుచేసి చూచుటకు మా కొక్క యుపాయము తోఁచుచున్నది. ఈశ్వరుని మహిమ మనకు ఇష్టము లేనివానివలన, మన కులము కానివానివలన, మన మతము కానివానివలన లోకమునకుఁ దెలిసినయెడల మనము సంతోషింతుమా? సంతోషింపఁగలిగితిమేని మన ప్రార్థన మొదటి జాతికిఁ జెందినది. మనసు చివుక్కు మన్నదా, అది రెండవదే.

ఈ ప్రార్థన మిక్కిలి స్పష్టమైన రూపమునఁ గనఁబడు తావు యూదుల గ్రంథములలో నున్నది. క్రైస్తవులైన మన సోదరులకు ఆ కథ సుపరిచితము. అహాబు అను రాజు కాలమున వానలు లేక దేశము మలమల మాఁడుచుండెను. జనులు బయలు అను దేవతను గొలుచుచుండిరి. ఏలీయా అను ప్రవక్త కర్మెలు కొండమీఁదికి రాజును, ప్రజలను, బయలు ప్రవక్తలను 450 మందిని పిలిపించి, ఎవరి దేవుఁడు నిప్పు పంపునో ఆతఁడే దేవుఁడని పందెము వైచెను. వారు ప్రొద్దు క్రుంకువేళదాఁక అఱచినను నిప్పు రాలేదు. ఏలీయా తన బలిపీఠముపై నీరు పోయించి, నీవే దేవుఁడవని ఈ దినమున వీరికిఁ దెలియఁజేయుమని ప్రార్థింపఁగా నిప్పు దిగి నీటినిఁ గూడ నాకివైచెనట. ప్రజలందఱును సాగిలపడి ఒప్పుకొనిరి.

ఇంతవఱకే చదివి పుస్తకము మూసినవారు ఏలీయా ప్రార్థన సంపూర్ణముగా నెఱవేఱినదని తలంతురు. తరువాతి వాక్యములను గూడఁ జదువవలెను. ఒప్పుకొన్న ఆ ప్రజలచేతనే ఏలీయా ఓడినవారిని పట్టించి కీషోను వాఁగుయొద్ద వధించెను. మఱునాఁటికి రాణి యెజెబెలు ఆతని ప్రాణము తీయుదునని శపథము చేసెను. నిన్న సాగిలపడిన జనులలో ఒక్కఁడైనను ఆతనికి అడ్డము నిలిచినట్లు కథలో లేదు. ఆతఁడు అడవికిఁ బాఱిపోయి ఒక చెట్టుక్రిందఁ గూర్చుండి చావు కోరెను. పిమ్మట హోరేబు కొండమీఁద ఆతని యెదుటఁ బెనుగాలి వీచెను, భూమి కంపించెను, నిప్పు పుట్టెను. ఈశ్వరుఁడు వానిలో లేఁడని గ్రంథము చెప్పుచున్నది. ఆ పిమ్మట మెల్లని స్వరము వినవచ్చెను. తానొక్కఁడనే మిగిలితినని వాపోవుచున్న ప్రవక్తకు, బయలునకు మోఁకరింపనివారు 7,000 మంది దేశములో నున్నారని అచటనే తెలియవచ్చెను. ఆ యేడువేలమందికి కర్మెలు నిప్పుతోఁ బనిలేకపోయెను. వారు ఎన్నఁడు ఎట్లు నమ్మిరో ప్రవక్తకే తెలియదు.

నిప్పు చూచి ఒప్పుకొన్నవారి ఒప్పుకోలు ఒక్క దినము నిలిచి రక్తములో ముగిసినది. ఈ కథను వ్రాసినవారు మనకంటె వివేకులు. కర్మెలు ప్రక్కనే హోరేబును నిలిపిరి.

ఇఁక మన తెలుఁగుదేశపుఁ గథలకు వత్తము. భద్రాచల రామదాసుగాఁ బ్రసిద్ధుఁడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకుఁ దహసీలుదారుగా నుండి, సర్కారు పైకముతో రాముని గుడి కట్టించి, ఆ నేరమునకు గోలకొండ కోటలోఁ జెఱ ననుభవించెను. రాజ్యమేలుచుండినవాఁడు 1672 మొదలు 1687 వఱకు పాలించిన అబుల్ హసన్ తానీషా. చెఱసాలలో గోపన్న పాడిన కీర్తనలలో వేఁడుకోలును కలదు, నిష్ఠురమును కలదు, తిట్టును కలదు. కడపట రామలక్ష్మణులు బంటుల వేషమున తానీషా పడకగదిలోనికిఁ బోయి పైకము చెల్లించి రసీదు పుచ్చుకొనిరని జనులు చెప్పుకొందురు.

ఈ కథను మనవారు వందలమాఱులు విని కన్నీరు విడిచియున్నారు. కాని దానిలోని యొక విశేషము ననేకులు గమనింపరు. రాముని ఎవరు చూచిరి? ప్రార్థించిన గోపన్న చూడలేదు, చెఱసాలలో నుండెను. ప్రార్థింపని తానీషా చూచెను. అంతియ కాదు. చూచిన తానీషా మతము మార్చుకొన్నట్లు ఏ కథకుఁడును చెప్పఁడు. ఆతఁడు మహమ్మదీయుఁడుగానే యుండి, గోపన్నను విడిపించి, గుడికి మర్యాద చేసెను. శ్రీరామనవమికి ప్రభుత్వపక్షమున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆతనితో మొదలైనదని ప్రతీతి; ఆ ఆచారము నేఁటికిని సాగుచున్నది. బంటుల రాక చరిత్రమా కాదా యను వాదమునకు మేము దిగము. ఈ కథను కల్పించిన జనుల హృదయము మాత్రము గొప్పది. పరునికి ఈశ్వరుని శక్తి తెలియుట యనఁగా పరుఁడు మనవాఁడగుట కాదని వా రెఱుఁగుదురు.

అలిపిరిమెట్లు ఎక్కినవారిలో తాళ్లపాక అన్నమాచార్యుఁడు ప్రసిద్ధుఁడు. 1408లోఁ బుట్టి 1503లోఁ గాలము చేసెనని ఎక్కువమంది చెప్పుదురు. చిన్ననాఁడే ఇల్లు విడిచి యాత్రికుల గుంపుతోఁ గలసి ఈ మెట్లెక్కెనని ఆతని మనుమఁడు చిన్నన్న ద్విపదకావ్యమున వ్రాసియున్నాఁడు. సాళువ నరసింహరాయఁడు ఆతని సంకీర్తనములు విని పరవశుఁడై, తనమీఁద గూడ అట్టి పాట యొకటి చెప్పుమని కోరెను. హరిని పొగడిన నోట నరుని పొగడనని కవి చెవులు మూసికొనెను. రాజు కోపించి సంకెల వేయించెను. కవి స్వామిని వేఁడుకొని పాడఁగా సంకెల లూడిపడెను. రాజు పాదములమీఁదఁ బడెను.

తాతగారిని గుఱించి మనుమఁడు వ్రాసినది గనుక దీనిలో ఎంతపాలు జరిగినదో, ఎంతపాలు భక్తితోఁ జేరినదో తేల్చుట కష్టము. అది యట్లుండనిండు. ఈ కథలో ఈశ్వరశక్తి వెల్లడియైన ఘట్టము ఏది? సంకెల యూడిన ఘట్టమే యని చెప్పుట వాడుక. 1997లో వచ్చిన చలనచిత్రమును చూచినవారిలోఁ బెక్కురకు అదియే జ్ఞాపకముండును. మా దృష్టికి అసలు వెల్లడి అంతకు ముందే జరిగిపోయినది. రాజు పిలిచి, బంగారము చూపి, చిన్న పాట యొకటి యడిగినప్పుడు ఒక పేదకవి కాదనెను. ఆ కాదనుటకు శక్తి యెక్కడినుండి వచ్చినది? ఇనుము విఱుగుటకంటె అట్టి సమయమున నోరు వంగకుండుట వింత. రాజాస్థానములయందు మన పూర్వులు సంపాదించిన యలవాటులను ఎఱిఁగినవారికి మా మాటలోని యర్థము విప్పి చెప్ప నక్కఱలేదు.

ఆతని పాటలు రాగిరేకులమీఁదఁ జెక్కఁబడినవి. రెండువేలకుఁ బైఁబడిన ఆ రేకులు తిరుమల గుడిలో సంకీర్తన భండారమను చిన్న గదిలోఁ జాలకాలము చీఁకటిలోఁ బడియుండి 1922 ప్రాంతమున వెలుఁగునకు వచ్చినవి. ఈశ్వరుని మహిమ పరులకుఁ దెలియవలెనని పాడినవాఁడు తన పాటలు ఇంతకాలము ఎవరికిని తెలియక యుండు నని తలంచియుండఁడు. మన ప్రార్థనకు గడువు నిర్ణయించువారు ఆ గదిని ఒక్కమాఱు తలఁచుకొనవలెను.

మన కాలమున అలిపిరియొద్దనే జరిగిన యొక సంగతిని గూడ విచారింపవలసియున్నది. 2003వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన, బ్రహ్మోత్సవములలో స్వామికిఁ బట్టువస్త్రములు సమర్పింపఁ బోవుచుండిన నాఁటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుఁడుగారి వాహనముపై నక్సలైటులు ఇక్కడనే మందుపాతరలు పేల్చిరి. ఆయన గాయములతో బ్రదికి బయటపడిరి. వెంట నున్నవారును గాయపడిరి. తన్నుఁ గాచినవాఁడు వేంకటేశ్వరుఁడే యని ఆయన బహిరంగముగాఁ బలుమాఱులు చెప్పియున్నారు.

చావు ప్రక్కనుండి వచ్చిన మనుష్యుఁడు దేవునికి నమస్కరించునప్పుడు నడుమ నిలిచి వాదము చేయువాఁడు మూర్ఖుఁడు. ఆ కృతజ్ఞత ఆయన సొత్తు. మా మాట వినువారిని గుఱించి. ఒకరు చెప్పిన కృతజ్ఞతను తక్కినవారు ఋజువుగా వాడుకొనునప్పుడు చిక్కు పుట్టును. ఆ సంవత్సరములలోనే మన రాష్ట్రమున అట్టి మందుపాతరలకు ఎందఱో పోలీసులు బలియైరి. వారి యిండ్లలోను దేవుని పటములు ఉండెను. వారి భార్యలును మ్రొక్కులు మ్రొక్కిరి. "ఈతఁడు బ్రదికెను గనుక దేవుఁడు కలఁడు" అని మనము గట్టిగా నన్నప్పుడు, బ్రదుకని వాని భార్య ఆ మాటనుండి ఏమి నేర్చుకొనవలెను? ఈశ్వరుని శక్తిని తప్పించుకొన్నవారి లెక్కతో నిరూపింపఁబూనుట యనఁగా, తప్పించుకొననివారి లెక్కతో దానిని ఖండించుటకుఁ బరులకు హక్కిచ్చుటయే. కృతజ్ఞత కృతజ్ఞతగానే యుండినచో ఆమె హృదయము గాయపడదు.

మఱి ఈ ప్రార్థన నెఱవేఱుట యనునది ఎక్కడనైనను కలదా? కలదు. దానిని చూచుటకు అలిపిరిలోనే కన్నులు నేలవైపునకుఁ ద్రిప్పవలెను. అక్కడ సాష్టాంగముగాఁ బడియున్న మానవమూర్తి యొకటి ఱాతిలోఁ జెక్కఁబడియున్నది. అది మాలదాసరి మూర్తియని జనులు చెప్పుదురు. పంచములు కొండ యెక్కుటకు వీలులేని దినములలో అలిపిరియే వారికి హద్దు. అక్కడనే సాగిలపడి, పైకిఁ జూచి, వెనుకకు మరలవలసినది. ఇంకొక మాట కూడఁ జెప్పుకొందురు. స్వామి ప్రతిరాత్రియు కొండ దిగి తిరుచానూరులోని అలమేలుమంగకడకు వచ్చిపోవునట; ఆ నడకచేత చెప్పులరుగునట; చర్మకారులైన భక్తులు తోలుచెప్పులు కుట్టి తెచ్చి కొండ పాదమున సమర్పింతురట. చెప్పులు స్వామి పాదములకు ఎక్కును. కుట్టినవాఁడు ఱాతిమెట్టునైన నెక్కఁగూడదు. ఈ యాచారమును నడపినవారికి దానిలోని వింత తోఁచలేదు కాఁబోలు.

మాలదాసరి కథను మనకు ఇచ్చినవాఁడు చక్రవర్తియైన శ్రీకృష్ణదేవరాయలు. ఆయన 1509 మొదలు 1529 వఱకు రాజ్యమేలెను. 1513 మొదలు 1521 వఱకు ఏడుమాఱులు తిరుమలకు వచ్చెను. ఇద్దఱు దేవేరులతోఁ గూడిన ఆయన విగ్రహము నేఁటికిని గుడిలోఁ జేతులు మోడ్చి నిలిచియున్నది. ఆయన వేంకటేశ్వరునికి అంకితమిచ్చిన ఆముక్తమాల్యద ఆఱవ ఆశ్వాసమున ఈ కథ కలదు. కథకు మూలము వరాహపురాణములోనిది. జరిగినదని చెప్పు తావు తమిళదేశమున తిరునెల్వేలి జిల్లాలోని తిరుక్కురుంగుడి.

ఒక దాసరి, కులమున పంచముఁడు, ప్రతిదినము తెల్లవాఱుజామున గుడిదాఁక నడచిపోయి, వెలుపలనే నిలిచి స్వామిని పాడి మరలును. ఒకనాఁడు వేళ తప్పి నడిరాత్రి బయలుదేఱి దారి తప్పి, మఱ్ఱిచెట్టు నాశ్రయించియున్న కుంభజానుఁడను బ్రహ్మరాక్షసుని వాతఁ బడెను. దాసరి మొదట పెనఁగులాడెను. సాధ్యము కాలేదు. అప్పుడు ప్రాణభిక్ష యడుగలేదు. నన్ను తినుము, కాని నేఁటి పాట పాడి వత్తును, అంతవఱకు విడువుమని యడిగెను. రాక్షసుఁడు నవ్వెను. నోటిదాఁక వచ్చి తప్పించుకొన్నవాఁడెవఁడైనను మరలి వచ్చునా? దాసరి ఒట్టు పెట్టుకొనెను. ఎట్టకేలకు రాక్షసుఁడు విడిచెను. దాసరి గుడికిఁ బోయెను, పాడెను, తిరిగి వచ్చెను. ఇదిగో వచ్చితిని, తినుమనెను.

అప్పుడు రాక్షసుఁడు దాసరికిఁ బ్రదక్షిణము చేసి పాదములమీఁదఁ బడెను. ఆ రాక్షసుఁడు పూర్వజన్మమున బ్రాహ్మణుఁడు. నీ పాటయొక్క ఫలములో ఇంత యిచ్చి నన్ను ఉద్ధరింపుమని పంచముని పాదములు పట్టుకొనెను.

చదువరులారా, ఇక్కడ కొంచెము నిలువుఁడు. ఈ కథలో ఆకాశమునుండి నిప్పు దిగలేదు, సంకెల విఱుగలేదు. రాక్షసుని శక్తి తగ్గలేదు. ఆతఁడు నోరు తెఱచినచో దాసరి అన్నమే. అయినను ఈశ్వరుఁడు కలఁడని ఆ నిమిషమున రాక్షసునికిఁ దెలిసినంతగాఁ గర్మెలు కొండమీఁది జనులకుఁ దెలిసియుండదు. తెలియఁజేసినది దాసరి రెండు పాదములు మరలివచ్చిన నడక. మఱియు దాసరి ఏమి ప్రార్థించెను? "ఓ స్వామీ, నీ శక్తి వీఁడు గుర్తించునట్లు చేయుము" అని అడిగినాఁడా? లేదు. ఆ రాక్షసుని ఉద్ధరింపవలెనను తలంపు ఆతనికి ముందు లేనే లేదు. పాట తప్పకూడదు, ఒట్టు తప్పకూడదు. ఈ రెండే ఆతని మనసులో నుండినవి. ఫలము ధారవోయుమన్నప్పుడు సైతము మొదట కాదనెను. పరుఁడు గుర్తించుట ఆతని కోరికకు లభించిన బహుమానముకాదు. ఆతఁడు చూడని ప్రక్కనుండి వచ్చినది.

ఇట్టి కథను సింహాసనముమీఁదఁ గూర్చున్నవాఁడు వ్రాసెను; పండితులు తలలూఁచిరి; పాఠ్యపుస్తకములలోఁ బిల్లలు చదివిరి. మాలదాసరి మూర్తి మాత్రము కొండ పాదముననే పడియుండెను. రాక్షసుఁడు గుర్తించిన దానిని మనము గుర్తింపలేదు.

ఈ మాటను అలంకారముగా మేము వ్రాయుట లేదు. అలిపిరికిఁ గొన్ని మైళ్ల దూరముననే తిరుచానూరున్నది. 1925వ సంవత్సరమున అక్కడి యాలయమునఁ బ్రవేశించెనని ఒక పంచమభక్తునిపై నేరము మోపిరి. మతమును అవమానించు నేరమునకై యేర్పడిన శిక్షాస్మృతి 295వ ప్రకరణము క్రింద దిగువన్యాయస్థానము ఆతనికి శిక్ష విధించెను. సహాయనిరాకరణోద్యమమున వకీలువృత్తిని వదలుకొన్న చక్రవర్తి రాజగోపాలాచార్యులవారు చిత్తూరు న్యాయస్థానమునకు వచ్చి ఆతనిపక్షమున మాటలాడిరి. అవమానించు తలంపు ఋజువు కాలేదని శిక్ష కొట్టివేయఁబడెను. ఆలోచింపుఁడు. దర్శనముకొఱకు లోపలికి నడచిన మనుష్యుఁడు దేవుని అవమానించినట్లుగా ఎంచఁబడెను. ఆతని భక్తిలో లోపమున్నదని ఎవ్వరును వాదింపలేదు. ఆతని పుట్టుకయే అవమానము! ఈశ్వరుని శక్తి లోకమునకుఁ దెలియుఁగాక యని ఆ గుడిలో ప్రతిదినమును స్తోత్రములు సాగుచుండెను. తెలిసికొని వచ్చినవానిని మాత్రము నేరగాని బోనులో నిలిపిరి.

1947లో చెన్నపురి రాజధానిలో ఆలయప్రవేశ శాసనము పుట్టినది. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము అస్పృశ్యతను రద్దుచేసినది. నేఁడు అలిపిరిమెట్లమీఁద కులమడుగువాఁడు లేఁడు. శాసనము గుడితలుపు తెఱువఁగలిగినది. ఇంటితలుపుల సంగతి వేఱు.

కావున పరులు ఈశ్వరశక్తిని గుర్తింపవలెనని మనము ప్రార్థించునప్పుడు ఆ పరులెవరో ముందుగాఁ దలఁచుకొనుట మంచిది. నాస్తికులు, అన్యమతస్థులు, చదువుకొన్న సంశయాత్ములు మొదలైన దూరపువారు మన మనసునకు వచ్చుచుందురు. వారికొఱకుఁ బ్రార్థించుట సులభము. వారు మన యింటిలోనికి వచ్చి చూడరు. దగ్గఱివారు కొందఱు కలరు. మన పొలము కౌలునకుఁ జేయువాఁడు. మన యంట్లు తోముకొనిపోవు స్త్రీ. మనకు అప్పుపడి మన ముఖము చూడ భయపడువాఁడు. వీరు మన ప్రార్థన విన్నారు. మన పూజగదినుండి వచ్చు గంటధ్వని వారికిఁ దెలియును. ఆ గంట మ్రోగిన యింటిలోనే కొలకుంచము తక్కువయైనదో సరియైనదో వారికిఁ దెలియును. తమకు నీళ్లిచ్చు గ్లాసు గూటిలో వేఱుగా నున్నదో లేదో తెలియును. మనము నమ్మిన దేవుఁడు ఎంత శక్తిమంతుఁడని వారిని అడిగినచో నిజమైన సమాధానము దొరకును. ఆ దేవునికి ఈ యింటి యజమానుని చేతిలోని కుంచమును నిండింపఁగల శక్తి లేదని వారు చెప్పినయెడల మనము ఏ గ్రంథము చూపి వాదింతుము?

ఒక సంశయము కలుగవచ్చును. అట్లయిన నోటితో వేఁడుకొననే వలదా? నడతయే చాలునా? మేమట్లు చెప్పము. దాసరి పాట మానలేదు సుమా. పాటకొఱకే ఆతఁడు ప్రాణము పణముగాఁ బెట్టెను. పాట లేకున్నచో మరలి వచ్చుటకుఁ గారణమే లేదు. పరులకొఱకు ఈశ్వరుని వేఁడుకొనుట ధర్మమే. వేఁడుకొనునప్పుడు వారి పేరులు పలుకుట ఇంకను మంచిది. పేరు పలికినప్పుడు ముఖము కన్నులఁ గట్టును, ముఖము కన్నులఁ గట్టినప్పుడు మనము వారికిఁ జేసినదియు చేయనిదియు జ్ఞప్తికి వచ్చును. ఆ జ్ఞాపకము మనలను ఎక్కడికిఁ బంపునో అక్కడికిఁ బోవుట ప్రార్థనలో భాగమే. ఒక్కొక్కప్పుడు అది పొరుగింటి గుమ్మమువద్దకుఁ బంపును, ఒక్కొక్కప్పుడు పాత లెక్కపుస్తకమువద్దకు.

ఈ పాఠమును సభగాఁ గూడి చదువువారు ఆముక్తమాల్యదలోని మాలదాసరి ఘట్టమును గూడ దెచ్చుకొని, దాసరి మాట తీసికొని రాక్షసుఁడు విడుచు తావునుండి ఆతఁడు పాదములమీఁదఁ బడు తావువఱకు మెల్లగాఁ జదివి, రెండు ప్రశ్నలను విచారింప వేఁడుచున్నాము. దాసరి గుడికిఁ బోయి పాడి, తిరిగి రాకయుండినచో ఆ పాట ఏమగును? దాసరి తిరిగి వచ్చినను రాక్షసుఁడు తినివేసియున్నచో ఆ నడక వ్యర్థమగునా? రెండవ ప్రశ్నకు సమాధానము తొందరపడి చెప్పవలదు. చదువుటకుఁ దగిన దినము కార్తికమాస శుక్లపక్షమునందలి కైశికద్వాదశి. ఈ దాసరి కథకు సంబంధించిన పర్వము తిరుమలలోను జరుగుచున్నది. సంవత్సరమున ఆ యొక్కనాఁడే ఉగ్రశ్రీనివాసమూర్తి గుడి వెలుపలికి ఊరేఁగింపుగా వచ్చి, దాసరి పాడుటకు నడచి వచ్చిన ఆ వేళనే, సూర్యకిరణము సోఁకకమునుపే లోపలికి మరలును.